హైదరాబాదు హబ్షీల పూర్వచరిత్ర

దోమలగూడ నుంచి హుస్సేన్‌సాగర్ దక్షిణపు అంచుగా సైఫాబాద్, లక్డీకాపూల్ మీదుగా సాగితే, మాసాబ్ ట్యాంక్ చేరకముందే ఏసీ గార్డ్స్ అనే పేట వస్తుంది. నిజాం కొలువులో ఉండిన ఆఫ్రికా సంతతి గుర్రపు దళానికి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని పేరు. ఆ దళంవారి నివాసాల చుట్టూ ఏర్పడిన ఈ పేటలో వారి వారసుల కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వీరిని హబ్షీలని, సిద్దీలని పిలుస్తారు. మొదటి పేరు అబిసీనియాకు, అంటే నేటి ఇథియోపియా, ఎరిట్రియా ప్రాంతాలకు అరబ్బులు వాడిన పేరు నుంచి రాగా, రెండవది ఆఫ్రికా సంతతివారందరికీ భారత పశ్చిమ తీరంలో వాడుకైంది. దక్కను రాజ్యాల చరిత్రను వీరిని పక్కన పెట్టి చెప్పడం సాధ్యం కాదు.

తొలితరాల హబ్షీలను ఓడలెక్కించిన రేవుల్లో ముఖ్యమైనది ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న మసావా. అది నేడు ఎరిట్రియా దేశంలో ఉంది. సన్నని ఎండు తీరం, దాని వెనుక నిట్టనిలువుగా లేచే చల్లని పీఠభూమి, ఆ రెంటి మధ్య భిన్న భాషలు, భిన్న మతాల ప్రజలు: స్థూలంగా ఆ దేశ స్వరూపం ఇది. పీఠభూమిలో వ్యవసాయం చేసుకునే టిగ్రిన్యా భాషీయుల్లో క్రైస్తవులు ఎక్కువ. తీరంలోనూ పల్లపు నేలల్లోనూ పశువులను మేపుకునే టిగ్రే, అఫార్, సాహో జనాల్లో ముస్లింలు ఎక్కువ. 1557లో ఒట్టోమన్ తురుష్కులు ఆక్రమించిన మసావా 1885లో ఇటలీ వశమైంది. 1890లో ఎరిట్రియా ఇటలీ వలసగా ఏర్పడి, రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ పాలనలోకి వెళ్లి, 1952లో ఇథియోపియాతో సమాఖ్యగా కలిసి, దీర్ఘకాల యుద్ధం తరువాత 1993లో స్వతంత్రమైంది. అయితే మసావా రేవు మీదుగా అమ్ముడైనవారిలో చాలామంది తీరవాసులు కారు. లోతట్టు ప్రాంతాల్లో యుద్ధాలలోనూ దాడులలోనూ చిక్కిన పిల్లలను బిడారుల వెంట రేవుకు నడిపించి, అక్కడి నుంచి యెమెన్‌లోని మోఖాకూ, నైరుతి రుతుపవనాల గాలి అందుకుని దక్కను పశ్చిమ తీరంలోని చౌల్, దాభోల్ రేవులకూ చేర్చేవారు.

దక్కనులో వారికి ఎదురైన బానిసత్వం అమెరికా చెరకు, పత్తి తోటల బానిసత్వం వంటిది కాదు. ఇక్కడి సుల్తానులు, అమీర్లు హబ్షీ బాలురను కొని, గుర్రపుస్వారీ, ఆయుధవిద్య, పారశీకం నేర్పించి సైన్యంలో చేర్చుకునేవారు. స్థానికంగా బంధుబలగం లేనివాడు యజమానికే విధేయుడై ఉంటాడన్నది వారి లెక్క. యజమాని మరణానంతరం స్వేచ్ఛ పొంది, సేనానులై, జాగీర్దారులై, సుల్తానులను గద్దెనెక్కించినవారూ ఉన్నారు. ఆ ఎదుగుదలను మెచ్చుకునేటప్పుడు, తల్లిదండ్రులకు దూరమై ఓడ ఎక్కిన ఆ పిల్లల దుఃఖాన్ని చరిత్రకారుడు మరువకూడదు. బహమనీ దర్బారులో దక్కనీలకు, ఇరాన్, మధ్యాసియాల నుంచి వచ్చిన అఫాకీలకు మధ్య సాగిన వైరంలో హబ్షీలు సాధారణంగా దక్కనీల పక్షాన నిలిచారు.

వీరందరిలో అగ్రగణ్యుడు మలిక్ అంబర్. సుమారు 1548లో ఇథియోపియాలో పుట్టి, చాపు అనే పేరుతో పెరిగి, మోఖాలోనూ బాగ్దాదులోనూ చేతులు మారి, చివరకు అహ్మద్‌నగర్ రాజ్యపు పేష్వా, అంటే ప్రధానమంత్రి, చంగేజ్ ఖాన్ కొలువుకు చేరాడు. ఆ పేష్వా కూడా ఒకప్పుడు బానిసగా వచ్చిన హబ్షీయే. 1600లో అక్బరు సేనలు అహ్మద్‌నగర్ కోటను పట్టుకున్నాక, అంబర్ అక్కడి రాజవంశమైన నిజాంషాహీకి చెందిన ఒకరిని గద్దెనెక్కించి, మరాఠా రౌతులతో మెరుపుదాడుల యుద్ధం నడిపి, 1626లో మరణించేదాకా మొగలులను నిలువరించాడు. 1610లో అతడు నెలకొల్పిన ఖిడ్కీ పట్టణమే తరువాత ఔరంగాబాదు అయింది. ఆ నగరానికి అతడు తవ్వించిన భూగర్భ నీటికాలువలు జలనిర్మాణ కౌశలానికి గొప్ప నిదర్శనం. 1763లో నిజాం అలీ ఖాన్ రాజధానిని హైదరాబాదుకు మార్చేవరకు నిజాముల వంశమైన అసఫ్‌జాహీల ముఖ్యనగరం ఆ ఔరంగాబాదే. తెలుగునాట దాదాపు 2 శతాబ్దాలు పాలించిన వంశం, ఒక హబ్షీ కట్టిన నగరం నుంచే ఇక్కడికి తరలివచ్చిందన్నమాట.

ఏసీ గార్డ్స్ కథ ఇంకా తరువాతిది, అందులో ఒక తెలుగు సంస్థానానికీ పాత్ర ఉంది. సంస్థానం అంటే నిజాముకు కప్పం కడుతూ తన ప్రాంతాన్ని తానే ఏలుకున్న చిన్న రాజ్యం. అటువంటి వనపర్తి సంస్థానాధీశుడు 19వ శతాబ్దిలో పోషించిన ఆఫ్రికా సైనికులే నిజాం సేవలోకి వచ్చి ఈ దళానికి మూలమయ్యారని చెబుతారు. తమ పూర్వీకులు ఇథియోపియా, సోమాలియా, జాంజిబార్ ప్రాంతాల నుంచి వచ్చారని ఈ కుటుంబాలు చెప్పుకుంటాయి. నిజాం ఊరేగింపులలో అంగరక్షక బాధ్యత వహించిన ఈ రౌతులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలకు సహచరులు. ఆ అరబ్బుల నివాసమే పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కస్.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత నిజాం సైన్యంతో పాటు ఈ దళమూ రద్దయింది. తరతరాలుగా సిపాయిగిరీ తప్ప మరొక వృత్తి ఎరుగని కుటుంబాలు ఒక్కసారిగా జీవనాధారం కోల్పోయి నగరంలోని ఇతర పనుల్లోకి మళ్లవలసి వచ్చింది. వీరిలాగే ఆఫ్రికా సంతతివారై, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో నివసించే సిద్దీలకు 2003లో షెడ్యూల్డు తెగ హోదా లభించింది. వారిది అటవీ, వ్యవసాయ జీవితం కాగా హైదరాబాదు హబ్షీలది పూర్తిగా నగర జీవితం. ఉర్దూ, తెలుగు మాట్లాడుతూ ఈ నగరంలోనే కలిసిపోయిన ఈ సమాజం, యెమెనీ అరబ్బులతో పాటు హైదరాబాదుకు ఇచ్చిన కళ మర్ఫా. డోలు, డఫ్ఫు వంటి చర్మవాద్యాలపై వేగంగా సాగే ఈ వాద్యం ఒకనాడు సైనికుల వేడుకలకు చెందినదైనా, నేడు మతభేదం లేకుండా నగరపు పెళ్లి ఊరేగింపులలో మోగుతున్నది.