డాక్టరు గదిలోకి ఎవరు చూశారు

ఇంగ్లండులో ఊరి డాక్టరును జీపీ అంటారు, ఆయన క్లినిక్కును సర్జరీ అంటారు. మాంచెస్టరు దగ్గర ఒకప్పటి నూలు మిల్లుల ఊళ్లో అలాంటి ఒక సర్జరీకి నేను ప్రాక్టీసు మేనేజరుగా పనిచేశాను. మా ఇద్దరు డాక్టర్లలో ఒకరు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవారు. సిబ్బంది జీతాలు, వ్యాక్సిన్ల ఫ్రిజ్జు, ప్రిస్క్రిప్షన్ కాగితాలు పెట్టే బీరువా తాళం, అన్నీ నా చేతిలోనే ఉండేవి. తనిఖీకి ఎవరొచ్చినా ముందు నా బల్ల దగ్గరికే వచ్చేవారు. ఆ తనిఖీ ఎక్కడినుంచి వచ్చిందో, అది ఏం చూడగలిగిందో, ఏం చూడలేకపోయిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎందుకంటే మన డాక్టర్లు ఎందరి బతుకులో ఆ చరిత్రలో కలిసిపోయి ఉన్నాయి.

మొట్టమొదట గది తలుపు తీసి లోపలికి చూసింది ప్రభుత్వ అధికారి కాదు, ఆస్ట్రేలియా డాక్టరు జోసెఫ్ కాలింగ్స్. 1948 జూలై 5న నేషనల్ హెల్త్ సర్వీసు మొదలైంది. ఆ కొత్తల్లోనే ఆయన ఇంగ్లండులో తిరిగి 55 ప్రాక్టీసులు చూశారు. డాక్టరు పక్కనే కూర్చుని, రోగి లోపలికి వచ్చినప్పటినుంచి బయటికి వెళ్లేదాకా గమనించారు. పారిశ్రామిక పట్టణాల్లో కనిపించినదానికి ఆయన నివ్వెరపోయారు. కొన్ని గదుల్లో రోగిని పడుకోబెట్టి పరీక్షించడానికి మంచమే లేదు. కొన్నిచోట్ల వైద్యం ప్రజలకు అపాయం తెచ్చే స్థితిలో ఉందని 1950 మార్చిలో లాన్సెట్ పత్రికలో రాశారు. పేర్లు బయటపెట్టలేదు. అయినా డాక్టర్ల సంఘాలు మండిపడ్డాయి. కానీ 1952లో జనరల్ ప్రాక్టీషనర్ల కాలేజీ పుట్టడం వెనక ఆ నివేదిక పెట్టిన మంట ఉంది. 1966 ఒప్పందంతో సర్జరీ అద్దెను, సిబ్బంది జీతాల్లో నూటికి 70 వంతులను ప్రభుత్వం తిరిగి ఇవ్వసాగింది. నర్సు, రిసెప్షనిస్టు, ఆ తర్వాత నాలాంటి మేనేజరు సర్జరీలోకి వచ్చింది ఆ డబ్బుతోనే.

కాలింగ్స్ చూసిన మిల్లు ఊళ్లకు, బొగ్గుగనుల లోయలకు బ్రిటిషు కుర్ర డాక్టర్లు రావడానికి ఇష్టపడలేదు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే అది తక్కువగా దొరుకుతుందని వేల్సులో గని కార్మికుల డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాశారు. ఆ ఖాళీలను నింపినవాళ్లలో భారతదేశం, పాకిస్తాన్ నుంచి వెళ్లిన డాక్టర్లు ఎందరో. ఆసుపత్రుల్లో పెద్ద పోస్టులు వాళ్లకు అందలేదు, ఊరి ప్రాక్టీసులు అందాయి. 1975లో జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ డిగ్రీలకు గుర్తింపు తీసేసింది. అప్పటికే అక్కడ ఉన్నవాళ్లు వరుస ఇళ్ల మధ్య చిన్న సర్జరీల్లో, చాలాచోట్ల ఒంటరిగా, ముప్ఫై నలభై ఏళ్లు పనిచేశారు. రిసెప్షన్లో భార్య, మేడమీద కాపురం. వాళ్లు లేకపోతే ఆ ఊళ్లకు డాక్టరే ఉండేవాడు కాదు.

తర్వాత హైడ్ వచ్చింది. మా ఊరికి అది ఎంతో దూరం కాదు.

హైడ్‌లో మార్కెట్ స్ట్రీట్‌లో హెరాల్డ్ షిప్‌మన్ సర్జరీ ఉండేది. ఇంటికి వచ్చి చూస్తాడని, ఓపిగ్గా వింటాడని జనం అతని పేషెంట్ల జాబితాలో చేరడానికి ఎదురుచూసేవారు. పదిహేనుమంది పేషెంట్లను చంపినట్టు 2000 జనవరి 31న కోర్టు తేల్చింది. తర్వాత జడ్జి జానెట్ స్మిత్ విచారణ ఆ లెక్కను కనీసం 215కు చేర్చింది. ఆయుధం డయామార్ఫిన్ అనే నొప్పిమందు ఇంజక్షన్. ఎక్కువమంది ముసలి ఆడవాళ్లు.

అతన్ని ముందుగా అనుమానించింది తనిఖీ సంస్థ కాదు. అప్పట్లో అక్కడ శవాన్ని దహనం చేయాలంటే రెండో డాక్టరు సంతకం కావాల్సివచ్చేది. షిప్‌మన్ ఆ సంతకాలకు రోడ్డుకు అవతలి బ్రూక్ సర్జరీ డాక్టర్లను పిలిచేవాడు. వాళ్లలో ఒకరు లిండా రెనాల్డ్స్. ఈ ఒక్క డాక్టరు పేషెంట్లు ఇంతమంది ఎందుకు చనిపోతున్నారని ఆమె లెక్కపెట్టి, తమ పెద్ద ప్రాక్టీసు లెక్కతో పోల్చి, 1998 మార్చిలో అనుమానాస్పద మరణాలను విచారించే అధికారికి, కరోనరుకు, చెప్పారు. ఊళ్లో అంత్యక్రియలు చేయించేవాళ్లకూ, ఒక టాక్సీ డ్రైవరుకూ అదే అనుమానం. పోలీసులు పైపైన చూసి కేసు మూసేశారు. సెప్టెంబరులో అరెస్టయ్యేలోపు ఇంకో ముగ్గురిని చంపాడని విచారణ తేల్చింది.

ఇక్కడ నేను ఆగి చెప్పాల్సిన మాట ఉంది. షిప్‌మన్ తర్వాత ఒంటరి డాక్టరంటేనే అనుమానం పుట్టింది. ఆ అనుమానం మన డాక్టర్లమీద బలంగా పడింది. కానీ అతను ఒంటరిగా ప్రాక్టీసు పెట్టింది 1992లో. అంతకుముందు అదే ఊళ్లో ఇంకొందరు డాక్టర్లతో కలిసి పనిచేస్తూనే పదులమందిని చంపాడు. పక్క గదిలో ఎవరో ఉన్నంతమాత్రాన కాపలా ఉన్నట్టు కాదు. ఒంటరి ప్రాక్టీసులను ఎత్తేయాలని జానెట్ స్మిత్ కూడా అనలేదు.

2009 ఏప్రిల్ 1న కేర్ క్వాలిటీ కమిషన్ అనే తనిఖీ సంస్థ మొదలైంది. సీక్యూసీ అంటాం. ముందు ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, ఆ తర్వాత 2013 ఏప్రిల్ నుంచి జీపీ సర్జరీలు దాని కిందికి వచ్చాయి. ఆ డిసెంబరులో దాదాపు వెయ్యి సర్జరీల తనిఖీ ఫలితాలు ప్రకటించారు. మూడోవంతు ఏదో ఒక ప్రమాణం అందుకోలేదు. ఫిర్యాదులున్న చోట్లకే ఎక్కువగా వెళ్లారన్న సంగతి పేపర్లలో వెనక్కిపోయి, ఒకచోట పురుగులు కనిపించాయన్న వార్త ముందుకొచ్చింది. 2014 అక్టోబరు నుంచి రేటింగులు మొదలయ్యాయి: అవుట్‌స్టాండింగ్, గుడ్, రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్, ఇనాడిక్వేట్. 2015 నుంచి ఆ రేటింగు వచ్చేపోయేవాళ్లకు కనబడేలా పెట్టడం చట్టం.

తనిఖీకి రెండు వారాల ముందు కబురొచ్చేది. ఇన్‌స్పెక్టరుతోపాటు ఒక జీపీ, కొన్నిసార్లు నర్సు. ఫ్రిజ్జు ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా, రోజూ రాశామా అని పుస్తకం తిరగేసేవారు. ఆక్సిజన్ సిలిండరు, అత్యవసర మందుల గడువు తేదీలు, పరీక్ష సమయంలో పక్కన నిలబడే ఉద్యోగికి పోలీసు రికార్డు పరిశీలన జరిగిందా, కుళాయి నీళ్లలో లీజియోనెల్లా క్రిమి ముప్పు అంచనా వేశామా, ఇవన్నీ అడిగేవారు. పరీక్ష గది తెరల గురించి, పిల్లల ఆట బొమ్మల గురించి డాక్టర్లలో ఎన్ని వదంతులు పుట్టాయంటే, వాటికి జవాబులిస్తూ సీక్యూసీ సలహాదారు నైజెల్ స్పారో వరసగా వివరణలు రాయాల్సివచ్చింది.

వీటిలో వృథా అనదగ్గవి తక్కువే. ఫ్రిజ్జు చెడితే టీకా పనిచేయదు, పిల్లవాడికి రక్షణ ఉండదు. కానీ నా దృష్టిలో అసలు ప్రాణగండం రిపీట్ ప్రిస్క్రిప్షన్‌లో ఉంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని మనిషి పోవచ్చు. క్రమం తప్పకుండా రక్తపరీక్ష కావాలి. మందు మొదలుపెట్టేది ఆసుపత్రి, నెలనెలా కాగితం ఇచ్చేది సర్జరీ. పరీక్ష వాళ్లు చేశారని వీళ్లు, వీళ్లు చేశారని వాళ్లు అనుకుంటే రోగి ఆ సందులో పడిపోతాడు. మూత్రంలో మంటకని ఎవరో ట్రైమెథోప్రిమ్ రాస్తే ఇంకా ప్రమాదం. దీన్ని గోడలు, తెరలు చూసి ఎవరూ పట్టుకోలేరు.

తనిఖీ సంస్థ తప్పులూ చిన్నవి కావు. 2014 నవంబరులో సర్జరీలను ముప్పు స్థాయిని బట్టి వర్గీకరించి ప్రచురించింది. లెక్కలు తప్పాయని తర్వాతి నెలలోనే క్షమాపణ చెప్పి, ఆపైన ఆ వర్గాలనే తీసేసింది. ఆలోపు పేరు పోగొట్టుకున్న డాక్టర్లకు ఆ క్షమాపణ ఏం తెచ్చిపెట్టింది? ఆసియా డాక్టర్ల సంఘాలు ఏళ్లతరబడి మొరపెట్టుకున్నాక, 2022 జనవరిలో సీక్యూసీ తానే ఒక నివేదిక ఇచ్చింది. మైనారిటీ జాతుల డాక్టర్లు నడిపే సర్జరీలు పేద ప్రాంతాల్లోనే ఎక్కువగా ఉన్నాయని, అక్కడి జబ్బుల బరువు వాళ్లు అందుకోవాల్సిన లక్ష్యాలమీద పడుతుందని అందులో ఒప్పుకుంది. ట్యూడర్ హార్ట్ ఆ మాట చెప్పి అప్పటికి యాభై ఏళ్లు. 2024లో ఆరోగ్య మంత్రి ఆ సంస్థ చేయాల్సిన పనికి తగినట్టు లేదన్నారు. అక్టోబరులో ఆ సంస్థను సమీక్షించిన పెన్నీ డాష్ నివేదిక దాని లోపాలను విప్పి చెప్పింది.

అయినా ఆ సంస్థ చేసినవాటిలో ఒకటి నిలబడాలని నా కోరిక. ఈమధ్య ఏళ్లలో సర్జరీకి రాకముందే సీక్యూసీ డాక్టరు మా కంప్యూటర్లో సెర్చ్‌లు నడిపి, మెథోట్రెక్సేట్, లిథియం లాంటి మందులు తీసుకుంటూ రక్తపరీక్ష తప్పినవాళ్ల జాబితా బయటికి తీయడం మొదలైంది. రోడ్డుకు అవతలినుంచి రెనాల్డ్స్ చేసింది కూడా అలాంటి లెక్కే. ఇన్‌స్పెక్టరు కోసం ఆగకుండా ఏ సర్జరీ అయినా ఆ సెర్చ్‌లు నెలనెలా తానే నడుపుకోవచ్చు. మా దగ్గర మొదటి సోమవారం మధ్యాహ్నం ఒక రిసెప్షనిస్టు ఆ జాబితా తీసి, పేరు పేరునా ఫోన్ చేసి పరీక్షకు పిలిచేది.