రైతులు జడ్జీలైన వారం

వ్యవసాయం మీద కమిషన్ అంటే మనకు అలవాటైన దృశ్యం ఒకటుంది. బల్లకు అవతల పెద్దమనుషులు, ఇవతల అర్జీ పట్టుకుని నిలబడ్డ రైతు. 2001 జూన్ చివరి వారంలో జహీరాబాద్ దగ్గరి ఆల్గోల్‌లో ఆ బల్లకు రెండు వైపులా మనుషులు తారుమారయ్యారు. రైతులే జూరీగా కూర్చున్న ఆ విచారణ పేరు ప్రజాతీర్పు.

కారణం 1999లో వచ్చిన విజన్ 2020 పత్రం. మెకిన్సే అనే సలహా సంస్థ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని తయారు చేయించింది. సేద్యం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని అందులో ఉంది. మరి మిగతా ముప్పై ఎక్కడికి పోవాలి? ఆ ముప్పైలో ఉండబోయేవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ మాట అడగడానికి ఈ ప్రాంతమే ఎందుకు దొరికిందంటే, ఇక్కడ దానికి ముందే ఓ అలవాటు ఉంది. 1983 నుంచి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. న్యాల్‌కల్, ఝరాసంగం వైపు ఊళ్లలో దళిత ఆడవాళ్ల సంఘాలు లేచాయి. 1990ల్లో బీడు దున్నుకోవడానికి సంఘం అప్పిచ్చేది, బాకీ జొన్నల్లో తీరేది, ఆ జొన్నలు తక్కువ ధరకు ఊళ్లోని పేదలకు చేరేవి. పేదలెవరో తేల్చే తీరు చూడాలి: నేల మీద ముగ్గు పొడితో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తు పెట్టి, అందరి ముందూ లెక్క కట్టేవారు. ఏ ఇంట్లో పొయ్యి రాజుకోలేదో పక్కింటావిడకు తెలుసు, తహసీల్దారుకు తెలియదు. రేషన్ కార్డుల జాబితాతో పోలిస్తే ఇది ఎంత నయమో వేరే చెప్పాలా?

ఆల్గోల్‌లో జూరీ 19 మంది. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన చిన్న, సన్నకారు రైతులే ఎక్కువ, వాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. చదువు రానివాళ్లు ఉన్నారు కాబట్టి మూడు భవిష్యత్తులను వీడియోల్లో చూపించారు. ఒకటి విజన్ 2020. రెండోది ఎగుమతి కోసం సేంద్రియ సేద్యం. మూడోది స్థానిక స్వావలంబన. ఒకటే ఎంచుకోవాలన్న నిబంధన లేదు, తమకు కావలసింది తామే అల్లుకోవచ్చు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు సాక్షులుగా వచ్చి జవాబులు చెప్పారు. పద్ధతి సవ్యంగా సాగుతోందో లేదో చూడటానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ వంటివారితో పరిశీలక బృందం కూర్చుంది.

తీర్పు సూటిగా వచ్చింది. 70 నుంచి 40కి తగ్గించడం వద్దు. కాంట్రాక్టు సేద్యం వద్దు. జన్యుమార్పిడి విత్తనాలు వద్దు. తిండి, విత్తనం ఊరి చేతిలోనే ఉండాలి.

2002లో ఈ తీర్పు నివేదిక లండన్‌లో బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లింది. రాష్ట్రానికి సాయం ఇస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ డీఎఫ్‌ఐడీకి అది మింగుడుపడలేదు. జూరీ ఎంపికలో, సాక్ష్యాల్లో పక్షపాతం ఉందని ఆ సంస్థ అంది. నిర్వాహకులకు ఒక పక్షం ఉన్న మాట నిజమే. అయితే విజన్ పత్రం రాసినవాళ్లకు లేదా?

తర్వాత మార్పు వేరే దారిలో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక, 2015లో తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయ మార్కెట్ కమిటీ చైర్మన్ పదవుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మహిళలకు రిజర్వేషన్లు పెట్టింది. 2024లో వ్యవసాయ, రైతు సంక్షేమ కమిషన్ ఏర్పాటై, కోదండ రెడ్డి చైర్మన్ అయ్యారు. సభ్యులను నియమించేది ప్రభుత్వమే. రైతులు ఇప్పటికీ అక్కడికి అర్జీలతోనే వెళ్తున్నారు.