ఇవాళ వాక్యం ఎవరు చెబుతున్నారు?

మన యానాంలో ఆదివారం పొద్దున్నే అడిగే మాట ఇది. ప్రసంగాన్నే మనం వాక్యం అనేస్తాం. పుస్తకంలో ఉన్నదానికీ, పాస్టరుగారు చెప్పేదానికీ ఒకే పేరు.

తప్పని కొట్టిపారెయ్యలేం. ప్రకటించిన వాక్యం కూడా దేవుని వాక్యమేనని స్విట్జర్లాండులో బుల్లింగర్ విశ్వాస ప్రమాణం 1566లోనే చెప్పింది. కానీ అక్కడ జూరిక్‌లో 1531కే జర్మన్ బైబిలు మొత్తం అచ్చయి ఉంది. విన్నవాళ్ళు సరిచూసుకోగలరు.

మరి మనకో? 1846లో కట్టిన మన సెయింట్ ఆన్స్ గుడిలో పూజ లాటిన్‌లోనే. రెండో వాటికన్ మహాసభ 1963లో దేశభాషలకు తలుపు తీసేసరికి ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు కూడా! అన్నాళ్ళూ గురువుగారి నోటిమాటే మన పెద్దలకు ఆధారం. విశాఖలో దేగ్రాంజ్ దొర, ఆనందరాయరు కలిసి చేసిన తెలుగు సువార్తలు 1812లోనే శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, నిజమే. చదవడం వచ్చినవాళ్ళెందరు?

ఇప్పుడు ఫోన్‌లోనే బైబిలుంది. అయినా మొన్న ఒక కుర్రాడు, ప్రసంగంలో చెప్పిన వచనం అక్కడ లేదని తీసి చూపిస్తే అందరం కలిసి గదమాయించాం. బెరయవాళ్ళు పౌలు చెప్పిందే లేఖనాల్లో వెతికి చూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17లో ఉంది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఆ పిల్లాడికి ఇంకా ఏమీ చెప్పలేదు.