చోడగంగు వంశవృక్షం

కళింగ గాంగ రాజు అనంతవర్మ చోడగంగదేవుడి 1118 నాటి విశాఖపట్నం రాగి శాసనం ఆయన వంశాన్ని విష్ణువు నుంచి, చంద్రుడి నుంచి అందుకుంటుంది. కోలాహలపురం నుంచి కామార్ణవుడు నలుగురు తమ్ములతో బయలుదేరి, మహేంద్రగిరి మీద గోకర్ణస్వామిని కొలిచి, కళింగాన్ని గెలిచాడని చెబుతుంది. కోలాహలపురమంటే నేటి కర్ణాటకలోని కోలారు అని చరిత్రకారులు గుర్తించారు. కళింగ గాంగులు అక్కడివారేనన్న మాట అలా స్థిరపడింది. నా మటుకు ఈ వంశావళిని కింది నుంచి పైకి చదవాలనిపిస్తుంది. ఎందుకంటే నరసన్నపేట దగ్గరి ఉర్లాంలో దొరికిన గాంగ రాజు హస్తివర్మ శాసనం గాంగ శకం 80 నాటిది, అంటే 6వ శతాబ్దిది. అందులో కళింగనగరం ఉంది, గోకర్ణస్వామి ఉన్నాడు, కోలారు ఊసు లేదు. చోడగంగు తాత వజ్రహస్తుడి 1057 నాటి నడగాం శాసనం కూడా గుణమహార్ణవుడితోనే వంశక్రమం మొదలుపెడుతుంది. అంతవరకు లేని చంద్రుడూ కోలారూ మనవడి కాలానికి వచ్చి చేరాయి. కాలం గడిచేకొద్దీ జ్ఞాపకం తరగాలి గాని, ఇలా పెరగదు.

ఎందుకు పెరిగింది? చోడగంగు తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. ఆయన పేరులోని 'చోడ' ఆమె పుట్టింటిదే. చోళులు సూర్యవంశీయులమని చాటుకున్నారు. వేంగి చాళుక్యులు 11వ శతాబ్ది శాసనాల్లోనే తమ వంశాన్ని బ్రహ్మ నుంచి, చంద్రుడి నుంచి లెక్క కట్టారు. ఇలాంటి వియ్యాలవారి మధ్య, ఉత్కళం మీద పెత్తనం చెలాయిస్తున్న రాజుకు గుణమహార్ణవుడొక్కడే మూలపురుషుడంటే చాలలేదు. దూరాన స్పెయిన్ ప్రభువులు గోత్ జాతి దాకా వంశం లాక్కున్నదీ ఈ అవసరం కొద్దీనే.

ఇంటి పెద్దల నోట నిలిచిన నిజమే ఆలస్యంగా రాతకెక్కిందేమో అనవచ్చు. కానీ కోలారు ప్రాంతాన్ని ఏలిన తలకాడు గాంగులు కాణ్వాయన గోత్రీకులు, కళింగ గాంగులు ఆత్రేయులు. ఊరు మారితే గోత్రం మారదు కదా! అలాగని శాసనాలన్నీ కట్టుకథలని తోసెయ్యడమూ తప్పే. నడగాం శాసనం ఒక వజ్రహస్తుడు 44 ఏళ్లు ఏలాడంటుంది, ఒక కామార్ణవుడికి ఆరు నెలలే ఇస్తుంది. తాతలను గొప్ప చెయ్యాలనుకున్నవాడు ఎవరికీ ఆరు నెలల ఏలుబడి కల్పించడు. ఆ ఆరు నెలల రాజు భార్య, వైదుంబుల ఇంటి వినయమహాదేవి కొడుకే 1038లో పట్టం కట్టుకున్న, చోడగంగు తాత వజ్రహస్తుడు. ఇంతవరకు నమ్మదగ్గ లెక్క.

చోడగంగు శాసనంలోనే మరో సంగతి ఉంది. నగరమనే ఊళ్లో ఇప్పచెట్టు నుంచి వెలసిన లింగానికి మధుకేశుడని పేరుపెట్టి, ఇంకొక కామార్ణవుడు గుడి కట్టించాడట. మధుకమంటే ఇప్పే. వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగంలో ఈనాటికీ ఆ దేవుడు మధుకేశ్వరుడే. ఈ వంశం వేళ్లు వెతకాల్సింది కోలారులో కాదు, వంశధార ఒడ్డునే.