మార్కులు సరే, నీ సంగతి చెప్పు

1869లో చార్లెస్ ఎలియట్ హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. వచ్చీ రాగానే వైద్య విభాగంలో రాతపరీక్షలు పెడదామన్నాడు. అప్పటిదాకా అక్కడ డాక్టరు పట్టా ఇచ్చే తీరు చూస్తే ఇప్పుడు నవ్వాలో భయపడాలో తెలియదు. తొమ్మిది మంది ప్రొఫెసర్లు తలా కొద్ది నిమిషాలు నోటి ప్రశ్నలు అడిగేవారు. అయిదుగురు సరేనంటే పాసైనట్టే. తక్కిన నాలుగు సబ్జెక్టుల్లో ఓనమాలు రాకపోయినా బోర్డు కట్టుకుని వైద్యం మొదలుపెట్టొచ్చు. ఎలియట్ మాటకు అడ్డం తిరిగిన వారిలో పెద్ద సర్జన్ హెన్రీ బిగెలో ఒకడు. మన విద్యార్థుల్లో సగం మందికి పైగా రాయడమే సరిగ్గా రాదు, వాళ్లకు రాతపరీక్ష ఏమిటన్నది ఆయన వాదన.

అదే అమెరికాలో ఇప్పుడు మెడికల్ సీటు కోరే కుర్రాళ్లు ఒక్క వేసవిలో రాసే రాత చిన్న నవలంత అవుతుంది. ఉమ్మడి దరఖాస్తులో 5,300 అక్షరాలకు మించని స్వీయ పరిచయం రాయాలి. చేసిన పనులు పదిహేను దాకా చూపించి, ఒక్కోదాని గురించి 700 అక్షరాల్లో చెప్పాలి. ఇదంతా తొలి మెట్టు. జూన్ ఆఖరులో ఆ దరఖాస్తు కాలేజీలకు చేరాక ఒక్కొక్కటే మెయిళ్లు మొదలవుతాయి. ప్రతి కాలేజీ తన సొంత ప్రశ్నలు పంపుతుంది. వాటిని అందరూ ‘సెకండరీలు’ అంటారు. మా కాలేజీయే ఎందుకు? నువ్వు పడిన కష్టం ఒకటి చెప్పు. నీకు భిన్నమైన మనుషులతో ఎలా మెలిగావు? చదువు మధ్యలో ఖాళీ వస్తే ఆ కాలంలో ఏం చేశావు? ఇంకేమైనా చెప్పాలా? చివరి ప్రశ్న పక్కన ‘ఇష్టమైతేనే’ అని ఉంటుంది. దాన్ని నమ్మి వదిలేసే ధైర్యం ఎవరికీ ఉండదు. రెండు వారాల్లో జవాబు పంపాలన్న నియమం చాలా చోట్ల రాసి లేదు, కానీ పాటించని వాళ్లు అరుదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో పిల్లల్ని చదివించే వారికి ఇది వింతగా ఉంటుంది. ఎంసెట్ కాలం నుంచి ఇప్పటి నీట్ దాకా మన దగ్గర డాక్టరు సీటుకు దారి గళ్లు నింపే జవాబు పత్రమే. 180 ప్రశ్నలు, 720 మార్కులు, ర్యాంకు, కౌన్సెలింగ్. నువ్వెవరు, డాక్టరెందుకు అవుతావు అని ఎవరూ అడగరు. అడిగితే ఆ జవాబుకు ఎవరు ఎన్ని మార్కులేశారో కోర్టులో తేల్చుకోవాల్సి వస్తుందన్న భయం మన వ్యవస్థది. ఆ భయం ఉత్తది కాదని అమెరికా చరిత్రే చెబుతుంది.

ఆ చరిత్రలోకి వెళ్లేముందు, ప్రశ్న లేకుండానే జవాబు రాసిన మనిషి ఒకామె ఉంది. 1883 జూన్‌లో ఆనందీబాయి జోషీ అమెరికాలో దిగింది. పద్దెనిమిదేళ్లు నిండిన మరాఠీ ఇల్లాలు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరడానికి తగిన చదువు తన దగ్గర లేదని ఆమెకు తెలుసు. ఆ నెలలోనే కళాశాల కార్యదర్శికి ఉత్తరం రాసింది. అయినవాళ్లు, కులం వాళ్లు వద్దన్నా ఇంత దూరం రప్పించిన పట్టుదలే తన అర్హతంది. మగ వైద్యుడి చేత చూపించుకోవడం కన్నా చావే మేలనుకునే తన దేశపు ఆడవాళ్ల కోసం వచ్చానని చెప్పింది. డీన్ రేచల్ బోడ్లీ చేర్చుకుంది. 600 డాలర్ల సాయం కూడా ఏర్పాటైంది. ‘డాక్టరు ఎందుకు’, ‘ఇక్కడే ఎందుకు’, ‘ఎదురైన కష్టం’ అని ఇప్పుడు మూడు పెట్టెల్లో విడివిడిగా అడిగే సంగతులన్నీ ఆ ఒక్క ఉత్తరంలో ఉన్నాయి. 1886లో ఆమె పట్టా పుచ్చుకుంది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో పుణెలో క్షయతో పోయింది.

అయితే ఆనందీబాయిని ఎవరూ వేలమందిలోంచి ఏరలేదు. ఆ రోజుల్లో అమెరికా వైద్య కళాశాలలు చాలా వరకు ప్రొఫెసర్ల సొంత వ్యాపారాలు. లెక్చర్లకు టిక్కెట్టు కొనుక్కోవడమే ప్రవేశం. వచ్చేవాణ్ని కాదంటే నష్టం మాస్టారికే.

ఆ పరిస్థితి మారడానికి ఒక ధనవంతురాలి షరతులు కారణమయ్యాయి. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల డబ్బు చాలక ఆగిపోయి ఉంది. రైల్వే వారసురాలు మేరీ గారెట్ మూడు లక్షల డాలర్లకు పైగా ఇస్తానంది. ఆడవాళ్లను మగవాళ్లతో సమానంగా చేర్చుకోవాలన్నది ఒక షరతు. చేరేవాళ్లకు ముందే డిగ్రీ ఉండాలి, ఫ్రెంచి, జర్మన్ చదవగలగాలి అన్నది ఇంకొకటి. 1893లో తలుపులు తెరిచారు. మనం ప్రొఫెసర్లుగా వచ్చాం కాబట్టి బతికిపోయాం, విద్యార్థులుగా వచ్చి ఉంటే మనకు సీటు దక్కేది కాదని విలియం ఆస్లర్ తోటి ప్రొఫెసరు వెల్చ్‌తో వేళాకోళమాడాడట. 1910లో విద్యావేత్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 కళాశాలలు చూసి వచ్చి నివేదిక రాశాడు. హాప్కిన్స్‌ను కొలబద్దగా పెట్టుకుని తక్కినవాటిని ఏకిపారేశాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి కళాశాలలు సగానికి పడిపోయాయి. నల్లజాతి వారి కోసం ఉన్న ఏడింటిలో హోవార్డ్, మెహారీ రెండే మిగిలాయి.

చదువు నాణ్యత పెరిగింది, సీట్లు తగ్గాయి. కోరేవాళ్లు క్యూ కట్టారు. ఎవరిని కాదనాలన్న ప్రశ్న మొదటిసారి అప్పుడే వచ్చింది.

దానికి దొరికిన జవాబు అంత గౌరవమైనది కాదు. 1920ల నాటికి తూర్పు తీరపు విశ్వవిద్యాలయాల్లో వలస యూదుల పిల్లలు మార్కుల్లో ముందుండేవారు. మార్కులే చూస్తే సీట్లు వాళ్లవే. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ యూదులకు పరిమితి పెట్టాలని బాహాటంగా అని, గొడవ రేగాక వెనక్కి తగ్గాడు. బాహాటంగా కుదరనిది దరఖాస్తు ఫారంలోకి చేరింది. మతం ఏది? తల్లి పుట్టింటి పేరేమిటి? తండ్రి ఎక్కడ పుట్టాడు? ఫొటో జతచెయ్యి. నీ గురించి నువ్వు రాయి. నీ ‘వ్యక్తిత్వం’ గురించి ముగ్గురు పెద్దమనుషుల చేత రాయించు. ఒక్కో ప్రశ్నను విడిగా చూస్తే తప్పేమీ కనబడదు. అన్నీ కలిపి చూస్తే ఇంటిపేరు మార్చుకున్నవాడు కూడా దొరికిపోతాడు. అమెరికా కాలేజీల ప్రవేశాల చరిత్ర రాసిన జెరోమ్ కారబెల్ తేల్చిందీ ఇదే: స్వీయ వ్యాసం, ఇంటర్వ్యూ, సిఫారసు లేఖ అనే మూడూ ఆ రోజుల్లో స్థిరపడింది ప్రతిభను వెతకడానికన్నా ఎక్కువగా కొందరిని బయట ఉంచడానికి. వైద్య కళాశాలలు ఈ విద్యలో ఆరితేరాయి. న్యూయార్క్ నగరంలోని పేరున్న కళాశాలల్లో యూదు విద్యార్థుల వాటా రెండు దశాబ్దాల్లో దారుణంగా పడిపోయింది. 1948లో ఆ రాష్ట్రం చట్టం చేసి ఇలాంటి వివక్షను నిషేధించాల్సి వచ్చింది.

అటుపక్క లెక్కల మనుషులు తమ పని తాము చేసుకుపోతున్నారు. చేరినవాళ్లలో మధ్యలో మానేసేవారు ఎక్కువగా ఉన్నారని 1928లో మాస్ అనే సైకాలజిస్టు ఒక సామర్థ్య పరీక్ష తయారు చేశాడు. 1940ల చివరికి దాని వారసురాలిగా ఎంక్యాట్ అనే వైద్య ప్రవేశ పరీక్ష వచ్చింది. మార్కులకొక యంత్రం, మనిషి కోసమొక కాగితం అన్న జోడీ అక్కడ కుదిరింది.

ఫారంలో ఒక్క గడి ఎంత పని చేస్తుందో కాలిఫోర్నియాలోని డేవిస్ వైద్య కళాశాల కేసులో కనిపిస్తుంది. 1973లో అక్కడ 100 సీట్లకు 2,464 దరఖాస్తులు వచ్చాయి. ఆర్థికంగా, విద్యాపరంగా వెనుకబడిన వారిగా పరిగణించమంటావా అని ఆ ఏటి ఫారం అడిగింది. మరుసటి ఏడు అదే ప్రశ్న అల్పసంఖ్యాక వర్గానికి చెందినవాడివా అని మారింది. అవునని పెడితే దరఖాస్తు వేరే కమిటీ బల్ల మీదికి వెళ్లేది. అక్కడ 16 సీట్లు. కాదంటే మామూలు కమిటీకి. నాసాలో ఇంజనీరుగా పనిచేస్తున్న అలన్ బాకీ మామూలు బల్ల మీద 500కు 468 తెచ్చుకున్నాడు. దరఖాస్తు ఆలస్యంగా వచ్చింది, అప్పటికి 470కి తగ్గినవాళ్లకు సీట్లివ్వడం లేదు. మరుసటి ఏడు అడ్మిషన్ల కమిటీ ఛైర్మనే ఇంటర్వ్యూ చేసి, వైద్యరంగ సమస్యలపై అతని చూపు పరిమితంగా ఉందని తక్కువ మార్కులేశాడు. బాకీ కోర్టుకెక్కాడు. 1978లో సుప్రీంకోర్టు సీట్లు విడిగా కట్టిపెట్టడం చెల్లదంది. అయితే ఎంపికలో జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చనీ అంది. బాకీకి సీటొచ్చింది, 1982లో పట్టా తీసుకుని మత్తు వైద్యుడయ్యాడు. ఆ రికార్డులో మన పాఠకులు దాటిపోకూడని అంకె ఒకటుంది. 1971 నుంచి 1974 వరకు ఆ ప్రత్యేక ద్వారం గుండా 63 మంది చేరితే, వారిలో 12 మంది ఆసియా మూలాల వారు. ఇప్పుడు ఆసియా వాళ్లు ఎక్కువైపోయారన్న వాదన వినే తరానికి ఈ సంగతి నమ్మబుద్ధి కాదు.

బాకీ తీర్పు తర్వాత గడిలో టిక్కు పెట్టించడం కాలేజీలకు సరిపోలేదు. ‘అనేక అంశాలు’ చూడాలంటే వాటిని ఎవరో ఒకరు రాసివ్వాలి. దరఖాస్తుదారుడి చేతే రాయించుకున్నారు.

ఈలోగా ఇంకో మార్పు జరిగింది. 1970ల తొలినాళ్లకు అమెరికా వైద్య కళాశాలల సంఘం ఉమ్మడి దరఖాస్తు కేంద్రాన్ని నడపసాగింది. కాలేజీకో ఫారం టైపు చేసే బాధ తప్పింది. ఒక్కసారి నింపితే పది చోట్లకు వెళుతుంది. సౌలభ్యం వచ్చాక పదికి ఆగేదెవరు? 2021-22లో దరఖాస్తు చేసినవాళ్లు 62 వేలు దాటారు. సగటున ఒక్కొక్కరు 18 కళాశాలలకు పంపారు. ఇందులో నిజంగా మా దగ్గరికి వచ్చేవాడెవడు అని ప్రతి కాలేజీకీ సందేహమే. అందుకే తన ఊరి గురించి, తన రోగుల గురించి అడిగే రెండో ఫారం. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అలాస్కా, మోంటానా లాంటి వైద్యులు దొరకని ప్రాంతాలతో కలిపి అయిదు రాష్ట్రాలకు డాక్టర్లను తయారు చేస్తుంది, ఆ మారుమూలలకు వెళ్లే మనిషి దానికి కావాలి. జెస్యూట్లు స్థాపించిన జార్జ్‌టౌన్, షికాగో లయోలా కళాశాలలు సేవ సంగతి కదిలిస్తాయి. చాలా చోట్ల ఈ రెండో ఫారానికి విడిగా రుసుముంటుంది, వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఆసక్తిని పరీక్షించే ఫారమే ఆదాయ మార్గం కూడా అయిందనడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కొన్ని కాలేజీలు ముందే వడపోసి కొందరికే పంపుతాయి. చాలా కాలేజీలు దరఖాస్తు చేసిన ప్రతివాడికీ పంపుతాయి.

రాతను మార్కుల్లోకి దింపే ప్రయత్నమూ జరిగింది. 1991లో ఎంక్యాట్‌లో అరగంట చొప్పున రెండు వ్యాసాలు చేర్చారు. ఫలితం అంకెల్లో కాక ‘జె’ నుంచి ‘టి’ వరకు అక్షరాల్లో ఇచ్చేవారు. కాలేజీలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2013 నుంచి ఎత్తేశారు.

ఇంట్లో కూర్చుని రాసింది ఎవరు రాసినట్టు? కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని సూటిగా పరీక్షించారు. దరఖాస్తుదారులు ఇంటి నుంచి పంపిన స్వీయ కథనాలను, ఇంటర్వ్యూ రోజున కళ్లెదుట రాయించిన వాటితో పోల్చారు. రెండూ పెద్దగా పొసగలేదు. అక్కడి నుంచే కంప్యూటర్ మీద గడియారం పెట్టి సందర్భం చెప్పి జవాబు రాయించే క్యాస్పర్ పరీక్ష పుట్టింది.

1965 వలస చట్టం తర్వాత గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల నుంచి అమెరికా చేరిన డాక్టర్ల పిల్లలు, ఆ తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ కుటుంబాల పిల్లలు ఇప్పుడీ వ్యాసాల ముందు కూర్చుంటున్నారు. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు కొంత నయం. అక్కడి ప్రభుత్వ కళాశాలలకు వేరే ఉమ్మడి దరఖాస్తు, సీట్లలో తొంభై శాతం ఆ రాష్ట్రం వాళ్లకే. కానీ వ్యాసాలు అక్కడా తప్పవు. ‘నువ్వు పడిన కష్టం’ అన్న చోట పెన్ను ఆగుతుంది. అమ్మానాన్నలు పడిన కష్టం బోలెడుంది, అది తనది కాదు. “మా కథ రాయరా, ఏమవుతుంది?” అంటాడు తండ్రి. “అందరూ అదే రాస్తారు నాన్నా” అంటాడు కొడుకు. ఇద్దరి మాటా నిజమే. అందుకే వ్యాసాలు దిద్దిపెట్టే సలహాదారుల వ్యాపారం వెలిగిపోతోంది. డబ్బున్నవాడి కష్టం చక్కగా వినిపిస్తుంది.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. అయితే జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో అభ్యర్థి వ్యాసంలో చెప్పుకుంటే, దాన్ని అతని ధైర్యానికో సామర్థ్యానికో ముడిపెట్టి చూడొచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. తప్పించుకోవడానికి దీన్ని వాడుకోవద్దని అదే చోట హెచ్చరించారు. సరిగ్గా సెకండరీలు బయల్దేరే వారం అది. వైవిధ్యం గురించి అడిగే ప్రశ్నలను కాలేజీలు హడావుడిగా తిరగరాసుకున్నాయి. తీర్పుకు ముందే, ఆ ఏటి ఉమ్మడి ఫారంలో ‘వెనుకబడినవాడివా’ అన్న పాత ప్రశ్న పోయి, నీ మీద ప్రభావం చూపిన అనుభవాలు చెప్పమనే 1,325 అక్షరాల పెట్టె వచ్చింది.

ఆ పెట్టెను ఇప్పుడు కృత్రిమ మేధ కూడా నింపిపెడుతుంది. ఆలోచనలకూ తప్పులు దిద్దుకోవడానికీ వాడుకోండి, చివరి రాత మాత్రం మీ సొంతమై ఉండాలని వైద్య కళాశాలల సంఘం చెబుతోంది. ఏది ఎవరిదో తేల్చే కష్టం చదివేవాళ్లది. కొన్ని కాలేజీలు ఇప్పుడు వ్యాసాలతో పాటు క్యాస్పర్ అడుగుతున్నాయి, మరికొన్ని సంఘం సొంతంగా పెట్టిన ప్రివ్యూ పరీక్ష అడుగుతున్నాయి. వ్యాసాన్ని మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.