పొయ్యి చుట్టూ గోడకూ ఒక చరిత్ర ఉంది



చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే అనుకుంటాం. పొయ్యి చుట్టూ ఉన్న గోడకూ చరిత్ర ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

యూరప్, అమెరికాల్లో చలి ఎక్కువ. గదిలో గోడకే పెద్ద గూడు కట్టి, అందులో కట్టెలు కాల్చి ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్లు. గూడు లోతుగా, పొగగొట్టం వెడల్పుగా ఉండేది కాబట్టి వేడి చాలావరకు పైకే పోయేది. మంట ముందు కూర్చున్నా వీపు వణికేది.

1742 ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ గూటికి సరిపోయే ఇనుప పొయ్యి తయారుచేశాడు. 1744లో దాని మీద చిన్న పుస్తకం వేశాడు. పేటెంట్ ఇస్తామన్నా వద్దన్నాడు. లండన్‌లో ఒక వ్యాపారి అందులో కొద్దిగా మార్చి, తన పేరున పేటెంట్ తీసుకుని డబ్బు చేసుకున్నాడని తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు.

1796లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త పొయ్యిని వదిలి గోడను పట్టుకున్నాడు. వెనక గోడను ముందుకు జరిపాడు. పక్క గోడల్ని వెనక గోడకు 135 డిగ్రీల కోణంలో ఏటవాలుగా కట్టమన్నాడు. పొగ పోయే సందును 4 అంగుళాలకు కుదించాడు. లోపలి గోడలకు ఇనుము వద్దు, ఇటుకో రాయో పెట్టి, మెత్తి, తెల్ల సున్నం వెయ్యమన్నాడు. తెలుపు వేడిని గదిలోకి తిప్పికొడుతుందని ఆయన లెక్క. తాపీమేస్త్రీలు చదివి కట్టేలా కొలతలతో సహా రాశాడు.

తర్వాత ఇనుప పొయ్యిలు పెరిగాయి, కొత్త భయం వచ్చింది. పొయ్యి దగ్గరున్న చెక్క గోడ ఏళ్ల తరబడి వేడికి లోలోపల మాడి, ఒకరోజు అంటుకుంటుంది. అందుకే అమెరికా అగ్నిభద్రతా ప్రమాణాల్లో, పరీక్షించి ధృవీకరించని పొయ్యికీ కాలే గోడకీ మధ్య 36 అంగుళాల దూరం ఉండాలి. గోడకు 1 అంగుళం ఎడంగా, వెనక గాలి ఆడేలా ఇనుప రేకు నిలబెడితే 12 అంగుళాలు చాలు. రేకు కంటే ఆ ఖాళీయే ముఖ్యం.

ఇక మన సంగతి. మన గూడేల్లో పొయ్యి వెనక గోడకు మట్టి, పేడ కలిపి అలికేది ఆడవాళ్లు. ఏ మట్టి పగలదు, పేడ ఎంత కలపాలి, ఎన్నాళ్లకోసారి అలకాలి అన్నది వాళ్ల చేతులకు తెలుసు. మన పొయ్యి అంతా మంచిదే అని నేననడం లేదు. పొగగొట్టం లేని ఇంట్లో ఆ పొగంతా అమ్మల ఊపిరితిత్తుల్లోకే పోతోంది. అదీ చరిత్రలో భాగమే.

కానీ తేడా చూడండి. రమ్‌ఫర్డ్ రాశాడు, అది శాస్త్రమైంది. మన అవ్వలు రాయలేదు, అది "మామూలు ఇంటిపని" అయింది. ఇప్పుడు స్లాబు ఇళ్లు, గ్యాసు వస్తున్నాయి. రావాల్సిందే. ఈలోపు సెలవులకు ఊరెళ్లినప్పుడు అడగండి. ఏ మట్టి, ఎక్కడి నుంచి, ఎంత, ఎందుకు అని. మన భాషలో ఆ మట్టికి ఏ పేరుందో అదే పేరుతో రాయండి. మనం రాయకపోతే రేపు ఎవరో రాస్తారు, వాళ్ల పేరుతో.