రంగూన్ 1941: సైరన్ మోగినా అందని కబురు

యాంగోన్ నడిబొడ్డున, బోజో ఆంగ్ సాన్ మార్కెట్టు నుంచి దక్షిణాన నది వైపు బారులు తీరిన వీధుల పేట పబేడాన్. బర్మీస్ భాషలో కమ్మరుల వరుస అని ఆ పేరుకు అర్థం. నగరం ఇంకా రంగూన్‌గా ఉన్న రోజుల్లో ఈ వీధుల్లో బర్మీస్ కంటే భారతీయ భాషలే ఎక్కువగా వినిపించేవి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లోని నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతీయులు. రేవులో మూటలు మోసేవారిలో, రిక్షాలు లాగేవారిలో, పారిశుద్ధ్య పనివారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. బర్మాలో వారిని ‘కొరంగీలు’ అని పిలిచేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవును బట్టి వచ్చిన పేరది. ఆ రేవు 1839 నాటి ఉప్పెనతో దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. ఊరు మాసిపోయినా పేరు మాత్రం కూలీల వెంట సముద్రం దాటింది.

1941 డిసెంబరు 23 ఉదయం జపాన్ విమానాలు రంగూన్ మీదికి వచ్చాయి. హెచ్చరిక సైరన్లు మోగాయి. అయినా జనం కందకాల్లోకి దిగలేదు. వేలమంది వీధుల్లో నిలబడి తలలెత్తి ఆకాశంలోని విమానాలను చూస్తూండిపోయారు. అలా నిలబడ్డవారి మధ్యే బాంబులు పడ్డాయి. మృతుల సంఖ్య వెయ్యి దాటిందని కొందరు, రెండు వేలు దాటిందని కొందరు అంచనా వేశారు. రెండు రోజులకే, క్రిస్మస్ నాడు, మళ్ళీ దాడి జరిగింది.

సైరన్ చెడిపోలేదు. అది ప్రమాదం వస్తోందని చెప్పింది, ఏం చేయాలో చెప్పలేదు. అంతకు ముందు బాంబు ఎరగని ఊరికి ఆ మోతలో ఉన్నది వింతే. పైగా రేవు కూలీకి ప్రభుత్వంతో నేరుగా సంబంధం లేదు. పని, కూలి, అప్పు, అన్నీ మేస్త్రీ చేతిమీదుగానే నడిచేవి. అతని భాషలో అతనితో మాట్లాడే మనిషి మేస్త్రీయే. ఆ మేస్త్రీ కనబడని రోజున కూలీకి అందే అధికార సమాచారం శూన్యం. నోటిమాట తప్ప మరో దారి లేదు.

ఆ నోటిమాట నగరాన్ని ఖాళీ చేసింది. రేవులో సరుకు దించేవారు లేక ఓడలు నిలిచిపోయాయి. కాలినడకన ప్రోము దారి పట్టినవారిలో అనేకులకు అధికారులు నచ్చజెప్పి వెనక్కి పంపారు. రెండు నెలలు తిరగకుండానే, ఫిబ్రవరి మూడో వారంలో, నగరం ఖాళీ చేయమన్న ఉత్తర్వు వెలువడింది. మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. వెనక్కి వెళ్ళమన్న నోరే ఇప్పుడు పారిపొమ్మంటే ఎవరు నమ్ముతారు? నాలుగైదు లక్షల భారతీయులు అరకాన్ కొండల మీదుగా, తము నుంచి ఇంఫాల్ వైపు, ఇంకా పైన పాంగ్‌సావ్ కనుమ గుండా నడిచారు. శరణార్థుల శిబిరాల్లో కలరా రేగింది. దారిలో ఎందరు పోయారో సరైన లెక్క లేదు. వేలల్లో అన్నది మాత్రం నిశ్చయం. ఉత్తరాంధ్ర, గోదావరి పల్లెల్లో కాచుకున్నవారికి మనియార్డరు ఆగిపోవడమే తొలి వార్త అయ్యుంటుంది.

అరవై ఏళ్ళు దాటాక ఇదే బంగాళాఖాతం రెండు భిన్నమైన ఉదాహరణలు చూపింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వారు అక్కడికి వెళ్ళింది వేరే పని మీద, అండమాన్ల నుంచి ప్రపంచంలోని తోటి హామ్‌లతో మాట్లాడడానికి. ఫోన్లు మూగబోగానే ఆ రేడియోలే క్షేమ సమాచారాలు మోశాయి. లఘు తరంగాలు అయనావరణాన్ని తాకి తిరిగివస్తాయి కనుక మధ్యలో టవరు అక్కర్లేదు. ఒక యంత్రం, ఒక తీగ, ఒక బ్యాటరీ చాలు. ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషి అవతలివారి మాట విని, తిరిగి చెప్పి, సరేననిపించుకున్నాకే కబురు చేరినట్టు లెక్క.

2008 మే 2న నర్గీస్ తుఫాను ఇరావతి డెల్టాను తాకింది. ఎక్కడ, ఎంత తీవ్రంగా తాకుతుందో భారత వాతావరణ శాఖ 48 గంటల ముందే బర్మా అధికారులకు తెలియజేసింది. కార్యాలయం నుంచి కార్యాలయానికి కబురు చక్కగా చేరింది. డెల్టా పల్లెల్లో మాత్రం, రాబోయేది ఎంతటిదో, ఎటు వెళ్ళాలో చాలామందికి తెలియలేదు. మృతులు, గల్లంతైనవారు కలిసి సుమారు 1,38,000 అని అధికారిక లెక్క.

అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యులకు ఒక అలవాటు ఉంటుంది. మందు పేరు, మోతాదు నోటితో చెప్పాక, నర్సు దాన్ని తిరిగి పలికేదాకా ఆ ఆదేశం ఇచ్చినట్టు భావించరు. రంగూన్‌లో సైరన్ మోగించినవారు గానీ, నర్గీస్ వార్తను అందుకున్నవారు గానీ ఆ తిరుగుమాట కోసం ఆగలేదు. విదేశాల్లో ఉన్న మనం ఊళ్ళో తుఫాననగానే వాట్సాప్‌లో సందేశం పంపి, రెండు నీలి గీతలు చూసి నిశ్చింతపడతాం. ఊళ్ళో అమ్మానాన్నలకు టవరు కూలిన రాత్రి తలుపు తట్టి చెప్పే పొరుగువారెవరో, వారు చెబితే ఇంట్లోవాళ్ళు వింటారో లేదో ముందే తెలుసుకున్నవారు మనలో ఎందరు? 1941లో పబేడాన్ వీధిలో ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డ కూలీకి కరువైనది అటువంటి మనిషే.